వాడనని రాసిచ్చినవాళ్ళు

టైర్ల షాపు మీది గది,
ఫిబ్రవరి 3

తమ్ముడూ,

మనుషులు చస్తుంటే తాళంచెవి జేబులో వేసుకుని కూర్చున్నవాడివి నువ్వు. కుశలప్రశ్నలు తర్వాత.

ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నానంటావు. మెసేజ్ పెడితే చదివినట్టు రెండు నీలం గీతలు పడతాయి గానీ జవాబు పడదు. అందుకే కాగితం మీద రాస్తున్నా. ఆఫీసులో పనిచేసేవాడు మనిషినైనా పారేస్తాడు గానీ కాగితాన్ని పారెయ్యలేడు.

నీ గిడ్డంగిలో రెండో బీరువాలో మూడు వందల పెట్టెలున్నాయి. ఒక్కో పెట్టెలో ముక్కులో కొట్టే మందు గొట్టాలు రెండు. నల్లమందు జాతి మత్తు ఎక్కువై ఊపిరి ఆగిపోతున్నవాణ్ణి రెండు మూడు నిమిషాల్లో వెనక్కి లాక్కొచ్చే నాలోక్సోన్. మందుల గిడ్డంగికి అధికారివి, నీకు తెలియక కాదు. నీ ఆర్డరులో ఏం రాసుకున్నావో కూడా నీకు తెలుసు. "కుటుంబ సభ్యులకు, బాధ్యత గల వ్యక్తులకు మాత్రమే." మత్తు వాడేవాళ్ళకి మాత్రం ఇవ్వకూడదు.

మరి నీ బాధ్యత గల వ్యక్తి ఒకడి కథ విను. మొన్న బుధవారం మధ్యాహ్నం మా వీధి చివరి లాడ్జి మూడో అంతస్తులో ఒక పెయింటర్ పడిపోయాడు. పెదాలు నీలంగా తిరిగాయి, గొంతులో గురక. మేనేజరు పెట్టె పట్టుకుని వచ్చాడు. నలభై నిమిషాల నీ వీడియో చూసి సర్టిఫికెట్ తీసుకున్నవాడే, దాన్ని ఫ్రేము కట్టించి కౌంటరు వెనక తగిలించాడు కూడా. వచ్చి, మందు పనిచేస్తుందో లేదోనని, కొత్త సెంటు సీసా చూసినట్టు గాల్లోకి ఒకసారి నొక్కాడు. గొట్టం ఒక్క నొక్కుడుకే అయిపోతుందని నీకు తెలుసు, నాకు తెలుసు. అతనికి తెలియదు. రెండోసారి నొక్కితే రాలేదు. ఇది పాడైందనుకుని రెండోదాన్నీ అలాగే గాల్లోకి కొట్టి చూశాడు. లాడ్జి కర్టెన్లు ప్రస్తుతం చక్కగా ఊపిరి పీల్చుకుంటున్నాయి.

పెయింటర్ బతికాడు. బతికించింది ఎదురు షాపు దర్జీ. అరుపులు విని మెట్లెక్కి వచ్చి, అంబులెన్సు వచ్చేదాకా పదకొండు నిమిషాలు నోటితో ఊపిరి ఊదాడు. దిగి వెళ్ళి తన మిషను మీద సగంలో వదిలేసిన ప్యాంటు కుట్టుకున్నాడు.

ఆ దర్జీ పదహారేళ్ళుగా వాడుతున్నాడు. కాబట్టి నీ లెక్కలో అతను బాధ్యత లేని మనిషి, అతనికి పెట్టె లేదు. కర్టెన్లకి మందు కొట్టినవాడికి మాత్రం ఇంకో పెట్టె పంపించారట, నిన్ననే వచ్చింది.

దీనికి ఏం జవాబు చెబుతావో చెప్పు.

అక్క


కేంద్ర మందుల గిడ్డంగి, రెండో అంతస్తు,
ఫిబ్రవరి 12

అక్కా,

ఉత్తరం చేరింది. కవరు మీద "తాళంచెవి గారికి" అని రాయడం అవసరమా? అటెండరు నాలుగు రోజులుగా నన్ను చాటున అలాగే పిలుస్తున్నాడు.

నువ్వు ముప్పై ఏళ్ళు ఎమర్జెన్సీ వార్డులో నర్సుగా చేసి రిటైరై, సొంత పట్టుదల మీద మత్తు వాడేవాళ్ళ కోసం ఆ గది నడుపుతున్నావు. నీ అనుభవం మీద నాకు గౌరవం ఉంది. కానీ పోయిన నెల మీటింగులో మా పై అధికారి ముందు "వీడికి చెప్పుల్లో కుడీ ఎడమా కూడా నేనే నేర్పాను" అన్నావు చూడు, ఆ తర్వాత నా మాటకి ఆ గదిలో ఎంత విలువ ఉంటుందనుకున్నావు? నీ పెట్టెల కోసం మాట్లాడాల్సింది అదే గదిలో కదా.

లాడ్జి సంగతికి నేను బాధపడుతున్నాను. వీడియోలో "గాలిలో పరీక్షించరాదు" అన్న వాక్యం చేర్పించాను.

ఇక అసలు సంగతి. ఆర్డరు నా ఒక్కడిదీ కాదు. తొమ్మిదిమంది కమిటీ. వాళ్ళు అడిగేవి మూడే. వాడేవాడి చేతికి ఈ మందిస్తే, ఎలాగూ బతికిస్తారన్న ధీమాతో ఇంకొంచెం ఎక్కువ వాడడా? పెట్టెని అమ్ముకోడా? అన్నిటికంటే పెద్ద ప్రశ్న, స్పృహ తప్పి పడిపోయినవాడు తనకు తాను మందెలా కొట్టుకుంటాడు? వాడికి పెట్టె ఇవ్వడంలో అర్థమేముంది? నాకు తోచిన జవాబులు నేను చెప్పాను. చాల్లేదు.

కోపం తగ్గించుకుని రాస్తే, నీ ఉత్తరాన్నే ఫైల్లో పెడతాను. ఇప్పుడు పంపింది పెట్టలేను. అందులో నన్నే తిట్టావు.

తమ్ముడు


టైర్ల షాపు మీది గది,
ఫిబ్రవరి 20

తమ్ముడూ,

పడిపోయినవాడు తనకు తాను కొట్టుకోలేడు. తొమ్మిదిమంది కూర్చుని టీలు తాగి కనిపెట్టిన సత్యం ఇదన్నమాట. మంచిది. మరి పక్కనున్నవాడు కొడతాడు. పక్కన ఎవరుంటారు? మీ కమిటీ ఉంటుందా? వాళ్ళ పెద్దమ్మ ఉంటుందా? కుటుంబ సభ్యులకు ఇచ్చామంటారు. కుటుంబానికి తెలియకూడదనే కదరా వాడు మెట్ల కిందికో, లాడ్జికో, బస్టాండు బాత్రూముకో పోయేది. అక్కడ వాడి పక్కనుండేది ఇంకో వాడేవాడే. ప్రాణం పోయే చోట ఎవరు నిలబడి ఉంటారో వాళ్ళ చేతిలో ఉండాలి మందు. ఇంటి దగ్గర బీరువాలో ఉంటే దేనికి?

ఇంకొంచెం ఎక్కువ వాడతారా? ఫైరింజను ఉంది కదా అని కొంప తగలబెట్టుకున్నవాణ్ణి ఒక్కణ్ణి చూపించు. ఈ మందు పడితే ఒంట్లో మత్తంతా ఒక్క పెట్టున దిగిపోయి చలి, వాంతులు, ఒళ్ళంతా విరిచినట్టు నొప్పులు. దాని కోసం ఎవడూ సరదా పడడు. అందువల్ల అమ్ముకునే భయమూ పెట్టుకోకు. ప్రాణం మీదికి వస్తే తప్ప ఎవడికీ అక్కరలేని సరుకు అది.

మా గురువారం క్లాసు నువ్వొకసారి చూసి ఉంటే ఈ ప్రశ్నలు నోటికి వచ్చేవి కావు. నువ్వు రావు కాబట్టి రాస్తున్నా.

ఊపిరి ఊదడం నేర్పే పాత బొమ్మ ఒకటి నా దగ్గర ఉండేది, ఆసుపత్రి వాళ్ళు పారేస్తే తెచ్చుకున్నది. తల ఊడిపోయింది. దర్జీ తన షాపులో మిగిలిన గుడ్డపీలికలు కూరి నిలువెత్తు మనిషిని కుట్టాడు. కళ్ళకి రెండు జతల గుండీలు చేశాడు, తీసి మార్చుకునేలా. మామూలు మనిషివి చొక్కా గుండీలు. మత్తు ఎక్కువైతే కంటిపాప కుంచించుకుపోతుంది, అందుకని అలాంటివాడివి ఆవగింజంత నల్లపూసలు. ఎర్ర పెదాల మీద నీలం గుడ్డ పిన్నుతో గుచ్చుతాడు. పేరు అల్లుడుగారు. వచ్చి వెల్లకిలా పడుకుంటాడు, ఎంత పిలిచినా పలకడు, చుట్టూ ఇంటిల్లిపాదీ నిలబడి సేవలు చెయ్యాలి, అందుకని.

మొన్న పన్నెండుమంది వచ్చారు. దర్జీ అడిగాడు, "ముందేం చేస్తారు?"

"అల్లుడుగారూ, లేవండి," అన్నారందరూ.

"లేచాడా?"

"పిలవగానే లేస్తే అల్లుడెందుకవుతాడు?" అంది మూల లాండ్రీ నడిపే ఆవిడ. ఆమె కూడా వాడుతుంది, వెన్ను ఆపరేషను తర్వాత నొప్పి మాత్రలతో మొదలైంది.

"అయితే పిడికిలి బిగించి, ఈ ఎముకలతో రొమ్ము మధ్యన గట్టిగా రుద్దు. బతికున్నవాడైతే నొప్పికి కదులుతాడు."

ఆమె రుద్దింది. చాలాసేపు రుద్దింది.

"ఇంక చాలమ్మా, గుడ్డ చిరుగుతుంది."

"ఉండవయ్యా. మా అల్లుణ్ణి తలుచుకుని రుద్దుతున్నా."

నవ్వులయ్యాక వరసగా చేయించాడు. అంబులెన్సుకి ఫోన్. తల వెనక్కి వంచడం. గొట్టాన్ని గాల్లో పరీక్షించకుండా తిన్నగా ముక్కులో పెట్టి ఒకే నొక్కుడు. ఊపిరి ఊదడం. రెండు మూడు నిమిషాలు చూసి, కదలకపోతే రెండోది. పక్కకి తిప్పి పడుకోబెట్టడం. అప్పుడు చెప్పాడు, "లేచాక మిమ్మల్ని తిడతాడు. అమ్మనీ నాన్ననీ కూడా తిడతాడు. తిట్టించుకోండి. తిట్టేవాడు ఊపిరి పీలుస్తున్నట్టు లెక్క. వదిలి మాత్రం పోవద్దు. గంటకో గంటన్నరకో ఈ మందు దిగిపోతుంది, లోపలున్న మత్తు మళ్ళీ పైకొస్తుంది." ఇంకోటి కూడా చెప్పాడు. ఆ మాట నీ వీడియోలో ఎక్కడా లేదు. "ఒంటరిగా వాడొద్దు. గడియ పెట్టుకోవద్దు. ఒకరు వాడేటప్పుడు ఇంకొకరు ఆగి చూస్తుండండి."

ఇతనికి నువ్వు పెట్టె ఇవ్వవు. నా రెండు చేతులతో ఏదో ఒకటి పగలగొట్టాలనిపిస్తోంది. ఇంట్లో గాజు సామాను తక్కువ.

దీన్ని ఫైల్లో పెట్టుకో. తిట్లున్న చోట తెల్లసిరా పూసుకో.

అక్క


కేంద్ర మందుల గిడ్డంగి,
మార్చి 9

అక్కా,

నీ ఉత్తరం తెల్లసిరా లేకుండానే పెట్టాను. కమిటీలో చదివి వినిపించాను. అల్లుడి దగ్గర ఇద్దరు నవ్వారు. నిన్న మూడు గంటలు కూర్చుంటే ఒక దారి దొరికింది.

ఫారం జతచేస్తున్నాను. అందులో ఒకే వాక్యం. "నేను ప్రస్తుతం ఎటువంటి మత్తు పదార్థమూ వాడుటలేదని ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను." దాని కింద సంతకం పెట్టిన ఎవరికైనా పెట్టె ఇవ్వొచ్చు. పాతవాళ్ళని, వాడి మానేసినవాళ్ళని "బాధ్యత గల వ్యక్తులు"గా కమిటీ ఒప్పుకుంది.

ఎవరు మానేశారు, ఎవరు మానలేదు అని నేను అడగను. నువ్వు నాకు చెప్పొద్దు. ఇది నిజమని ఎవరు నమ్ముతారనీ అడక్కు. ఫైలు నమ్మితే చాలు.

ఇంతకంటే నావల్ల కాదు. ఇదీ వద్దంటే మళ్ళీ మొదటికొస్తుంది.

తమ్ముడు


టైర్ల షాపు మీది గది,
ఏప్రిల్ 26

తమ్ముడూ,

నీ తెలివిని మెచ్చుకోవడం నా జన్మలో ఇదే మొదలు, అలవాటు చేసుకోకు.

ఆ ఫారం చూడగానే నాకు ఒళ్ళు మండిన మాట నిజం. ప్రాణం కాపాడే మందు కోసం అబద్ధం రాసిమ్మనే ప్రభుత్వం ఇంకెక్కడైనా ఉంటుందా అని ఒక పేజీ రాసి, చించేశాను. మూడు వందల పెట్టెలు ముఖ్యమా, నా నీతి ముఖ్యమా అనుకున్నా. ఇరవై ఇద్దరు సంతకాలు పెట్టారు. ఇరవై రెండు పెట్టెలు వచ్చాయి. అయిదు వారాలైంది.

లెక్క చూసుకో. ఏడుగురు. ఏడుగురు ఊపిరి ఆగినవాళ్ళు ఇవాళ నడుస్తూ తిరుగుతున్నారు. అందులో ముగ్గుర్ని దర్జీయే లేపాడు. ఒకణ్ణి లాండ్రీ ఆవిడ బస్టాండు బాత్రూములో లేపింది. తలుపు కింద బూట్లు కదలకుండా కనిపిస్తే అనుమానం వచ్చి, కాపలావాడితో గొడవపడి తలుపు తీయించింది. వాడు లేచి ఆమెను బూతులు తిట్టాడట. "మీ దర్జీ చెప్పినట్టే అక్షరం పొల్లు పోకుండా తిట్టాడక్కా" అని వచ్చి ఎంత గర్వంగా చెప్పిందో. మా ఆయన పెళ్ళినాడు కూడా నన్ను చూసి అంత మురిసిపోయి ఉండడు.

నీ మేనేజరు స్కోరు ఇంకా కర్టెన్ల దగ్గరే ఉంది.

ఈ అంకెలు పైకి పంపు. రెండో విడత యాభై పెట్టెలు కావాలి.

అక్క


కేంద్ర మందుల గిడ్డంగి,
మే 8

అక్కా,

పంపాను. మా పై అధికారి నన్ను పిలిచి కుర్చీలో కూర్చోమన్నారు. ఆరేళ్ళలో మొదటిసారి. యాభై పెట్టెలకి సూత్రప్రాయంగా ఒప్పుకున్నారు.

అంతా సజావుగానే ఉంది. మీవాళ్ళని మాత్రం కాస్త జాగ్రత్తగా ఉండమను. సంతకం పెట్టినవాళ్ళు నలుగురి కంటా పడేలా ఏమీ చెయ్యకుండా ఉంటే మనకే మంచిది. అంతకంటే ఏం లేదు.

నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? మెట్లు ఎక్కి దిగడం తగ్గించు.

తమ్ముడు


టైర్ల షాపు మీది గది,
జూన్ 2

దర్జీ చనిపోయాడు.

శనివారం మధ్యాహ్నం. స్కూళ్ళు తెరిచే రోజులు, షాపు నిండా యూనిఫారాలు. మూడింటికి షట్టరు లోపలినుంచి దించుకుని గొళ్ళెం పెట్టుకున్నాడు. నాలుగింటికి లాండ్రీ ఆవిడ ఒక జిప్పు కోసం వెళ్ళి తట్టింది. పలకలేదు. భోజనానికి వెళ్ళాడేమో అనుకుంది. మళ్ళీ వచ్చి తట్టింది. సందులోంచి చూస్తే కాళ్ళు కనిపించాయి. కింద టైర్ల షాపతను వచ్చి ఇనప కడ్డీతో షట్టరు లేపాడు. లోపలికి దూరి ఆమె చెయ్యాల్సినవన్నీ చేసింది. పిలిచింది, రుద్దింది, ఒక గొట్టం కొట్టింది, ఊపిరి ఊదింది, రెండోది కొట్టింది. నేను వెళ్ళేసరికి ఇంకా ఊదుతూనే ఉంది. ఒక్క మెట్టు తప్పలేదు తమ్ముడూ. అతను నేర్పినట్టే చేసింది. అతను పోయి అప్పటికి గంట దాటింది.

అతనిది అయిపోతే నేను నాదిచ్చాను, ఆ పెట్టె అతని చొక్కా జేబులోనే ఉంది. సీలు కూడా తియ్యలేదు. ఎలా తీస్తాడు. పడిపోయినవాడు తనకు తాను కొట్టుకోలేడని మీ కమిటీ చెప్పనే చెప్పింది.

పదహారేళ్ళలో అతను గడియ పెట్టుకుని వాడింది లేదు. ఎప్పుడూ లాండ్రీ వెనక గదిలో, ఆమె చూస్తుండగానే. ఆమెకి అతను, అతనికి ఆమె. క్లాసులో చెప్పిందే చేసేవాడు. మరి ఎందుకిలా చేశాడని నేను ఆవిడ మీద కేకలేశాను, ఆమె ఏడుస్తున్నా వినకుండా. అప్పుడు చెప్పింది.

మే మొదటి వారంలో ఒక మనిషి నీలం ఫైలు పట్టుకుని వచ్చాడట. లాండ్రీలో అడిగాడు, టీ కొట్లో అడిగాడు. దర్జీ షాపులో స్టూలు మీద కూర్చుని చెప్పాడు, "సంతకం పెట్టినవాళ్ళలో ఒక్కరు వాడుతూ దొరికినా ఇరవై రెండు పెట్టెలూ వెనక్కి తీసుకుంటాం. మీరే కదా ఇక్కడ పెద్ద. జాగ్రత్త." రెండు వారాలకి మళ్ళీ వచ్చాడు. ఆ రోజునుంచి దర్జీ లాండ్రీ వెనక గదికి రావడం మానేశాడు. "నా ఒక్కడి మూలంగా అందరి పెట్టెలూ పోకూడదు. ఆ మనిషి నాతో అన్నది మేడంకి చెప్పకు, ఆవిడ వెళ్ళి వాళ్ళ తమ్ముడితో యుద్ధం పెట్టుకుంటుంది, ఆ యాభై కూడా ఆగిపోతాయి" అన్నాడట.

ఎవణ్ణి పంపావు?

నేను దాచింది కూడా చెబుతాను. ఏప్రిల్లో ఇరవై ఇద్దరు సంతకాలు పెట్టారని రాశాను. ఇరవై ఒక్కమంది నవ్వుకుంటూ పెట్టారు. దర్జీ పెట్టనన్నాడు. ఫారం మూడుసార్లు చదివాడు.

"మేడం, ఇందులో ఉన్న మనిషి నేను కాదు కదా," అన్నాడు.

"కాగితమేనయ్యా. పెట్టు."

"వాడనివాణ్ణయితే ఈ పెట్టె నాకెందుకు? వాడతాను కాబట్టే కదా ఎవరు ఎక్కడ పడిపోతారో నాకు తెలిసేది. క్లాసులో మొదటి మాటే అది చెబుతాను. నేను వాడతాను, సిగ్గుపడకుండా వినండి అని. రేపటినుంచి ఏం చెప్పను?"

"ఏమీ చెప్పకు. పాఠం చెప్పు చాలు."

అతను వాదించాడు. నేనూ వాదించాను. గెలిచాను. నాతో వాదించి ఎవరు గెలిచారు ఈ ఊళ్ళో. నలభై ఏళ్ళుగా అందర్నీ నిజం చెప్పమని మైకు పట్టుకుని అరిచినదాన్ని, నిజం చెబుతానన్న ఒక్క మనిషి చేత అబద్ధం మీద సంతకం పెట్టించాను. ఆ అబద్ధాన్ని నిలబెట్టడానికి అతను షట్టరు దించుకున్నాడు.

ఎవణ్ణి పంపావో రాయి.


కేంద్ర మందుల గిడ్డంగి,
జూన్ 7

అక్కా,

నేనే పంపాను.

ఆ షరతు కమిటీది అని రాయొచ్చు. నిజానికి దాన్ని రాసింది నేను. మార్చిలో మూడు గంటలు కూర్చున్నామన్నానే, రెండున్నర గంటలు గడిచాక కూడా ఎవరూ ఒప్పుకోలేదు. అప్పుడు నేనే అన్నాను, ఒకరు తప్పు చేస్తే అందరి దగ్గరా వెనక్కి తీసుకుందాం, వాళ్ళలో వాళ్ళే ఒకరినొకరు కాసుకుంటారు అని. అందరికీ నచ్చింది. ఆర్డరు వెనక పేజీలో నా చేతిరాతలోనే ఉంది. ముందు పేజీ ఒక్కటే నీకు పంపాను.

నీకు చెబితే ఫారం చించి నా మొహాన కొడతావని చెప్పలేదు. కొట్టేదానివి. కొట్టి ఉంటే బాగుండేది.

తనిఖీ ఊరికే లాంఛనం అనుకున్నాను. భయపెడతాడనుకోలేదు, అని రాయబోయాను. కొట్టేశాను. భయపడాలనే కదా షరతు పెట్టింది. అయితే భయపడి మానేస్తారనుకున్నాను. భయపడి దాక్కుంటారని తట్టలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను చూసింది మందుల్ని. మనుషుల్ని నువ్వు చూశావు.

తనిఖీ రిపోర్టు నా ముందుంది. దర్జీ షాపు పేరుకి ఎదురుగా రెండు తేదీలు, రెండుసార్లూ ఒకే మాట. "సంతృప్తికరం."

అతని ఇంట్లోవాళ్ళు ఎవరైనా ఉన్నారా? వెళ్ళి కలవాలని ఉంది, ఏమని చెప్పాలో తెలియడంలేదు.

సోమవారం మళ్ళీ కమిటీ. ఈసారి నోట్ నేనే పెడతాను. ఉద్యోగం సంగతి తర్వాత చూసుకుంటాను, ఆ బెంగ నువ్వు పెట్టుకోకు. నీతో వాదించడానికి నా దగ్గరేం మిగల్లేదు. ఏమేం ఉండాలో రాసి పంపు. ఈసారి మెత్తగా రాయమని అడగను.

తమ్ముడు


టైర్ల షాపు మీది గది,
జూన్ 10

తమ్ముడూ,

అతనికి ఒక అన్న ఉన్నాడు. కలవొద్దు. కలిస్తే నీ మనసు తేలికపడుతుంది, అతనిది పడదు. నేను వెళ్ళి వచ్చాను కాబట్టి తెలిసి చెబుతున్నా.

నీ మీద అరవడానికి కూర్చున్నాను. రాలేదు. నువ్వు షరతు రాశావు, నేను సంతకం పెట్టించాను. చెరొక చివరా పట్టుకుని మనమిద్దరమే ఆ షట్టరు దించాం. కానీ ఇద్దరం కూర్చుని దీని మీద కుమిలిపోయే తీరిక ఎవరిచ్చారు? మిగతా ఇరవై ఒక్కమంది ఇవాళ కూడా ఎక్కడో గడియ పెట్టుకునే ఉన్నారు. నిన్న గురువారం క్లాసుకి నలుగురే వచ్చారు. వచ్చినవాళ్ళు కూడా "మేం వాడం మేడం" అన్నారు నాతో. నాతో.

మెత్తగా రాయొద్దన్నావు. రాయడంలేదు. సోమవారం నోట్‌లో ఉండాల్సినవి:

ఒకటి. "ప్రస్తుతం వాడుటలేదు" ఫారం రద్దు చెయ్యాలి. ఇప్పటిదాకా తీసుకున్న సంతకాలు ఎవరివి వాళ్ళకి తిరిగి ఇచ్చెయ్యాలి. ఫైల్లో నకలు ఉంచకూడదు.

రెండు. ఒకరు దొరికితే అందరి పెట్టెలూ వెనక్కి అనే షరతు రద్దు చెయ్యాలి. ఏ కారణం మీదా ఎవరి దగ్గరా పెట్టె వెనక్కి తీసుకోకూడదు.

మూడు. పెట్టె అడిగినవాళ్ళకి ఇవ్వాలి. వాడతావా, మానేశావా అని అడక్కూడదు. ఖాళీ గొట్టం తెస్తే కొత్తది ఇవ్వాలి. ఖాళీ తేకపోయినా ఇవ్వాలి.

నాలుగు. వాడేవాళ్ళకి పాఠం వాడేవాళ్ళే చెప్పాలి. చెప్పినందుకు మీ వీడియో తీసినవాడికి ఇచ్చినట్టే జీతం ఇవ్వాలి. వీడియో ఆపెయ్యాలి.

అయిదు. పడిపోయినవాడి కోసం అంబులెన్సుకి ఫోన్ చేసిన మనిషి మీద కేసు పెట్టకూడదు. పడిపోయినవాడి మీదా పెట్టకూడదు.

ఆరు. తనిఖీ చేసే మనిషి వీధిలోకి వచ్చేముందు నాలుగు గురువారాలు మా క్లాసులో నేల మీద కూర్చోవాలి.

ఏడు. షరతు రాసింది నువ్వని, అబద్ధపు సంతకం పెట్టించింది నేనని నోట్‌లో ఉండాలి. "కొన్ని పరిస్థితుల దృష్ట్యా" అని రాయకూడదు.

ఎనిమిది. సోమవారం పది గంటలకి లాండ్రీ ఆవిడ మీ గిడ్డంగికి వస్తుంది. మీ ఆర్డరు కోసం ఆగదు. యాభై పెట్టెలు అడుగుతుంది. గేటు దగ్గర నిలబెట్టకూడదు. కుర్చీ వెయ్యాలి. "నేను వాడతాను" అని ఆమె మొదటి మాట చెబుతుంది. విని, పెట్టెలు ఇవ్వాలి.